పొరపాటున వచ్చిన పుస్తకం

హోమ్స్ కౌంటీ, ఒహాయో
సెప్టెంబరు 14

ప్రియమైన చెల్లీ లవీనా,

దేవుని దయ మీ ఇంటి మీద నిలిచి ఉండాలి. ఇక్కడ రెండు రోజులుగా ముసురు. మొక్కజొన్న కోత ఆగింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు నెలలైనా మీ ఆయన ఆట్లీ తన చక్రాల కుర్చీని కిటికీ దగ్గరికి జరపనివ్వడం లేదని రాశావు. కొట్టం మీంచి పడితే కాళ్ళు పోయాయి, సరే, కళ్ళకేమైంది అని అడిగావు. అలా అనకు. నువ్వు అలిసిపోయావని నాకు తెలుసు. అయినా అనకు.

నా దుకాణంలో ఉన్నవి పుస్తకాలే. నాలుగు పంపుతున్నాను.

ఒకటి పిట్టల పుస్తకం. బొమ్మలు చేత్తో వేసినవి. మా సంఘపు డీకన్ కొడుకులు ఇది జేబులో పెట్టుకునే పొలం దున్నుతారు. మీ లోయలో కొంగలు దిగుతాయన్నావు. కుర్చీలో కూర్చునే చూడొచ్చు.

రెండోది గోడ గడియారాలు బాగుచేయడం గురించి. చేతులుంటే చాలు. రాసినవాడు ఓపికమంతుడు. ఒక్కో మర గురించి చెప్పి, ఆగి, మళ్ళీ చెబుతాడు.

మూడోది మన పెద్దలు ఓడెక్కి వచ్చిన కథ. మొదటి యాభై పేజీలు రాళ్ళ దారి. ఆపకుండా నడవమను. ఆ ఓడలో ఒక ముసలావిడ విత్తనాలు జుట్టు ముడిలో దాచుకుని తెస్తుంది. ఆవిడ దగ్గరికి చేరితే చాలు, తర్వాత పుస్తకమే చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది.

నాలుగోది నీకు. మన పొరుగు సంఘం, మెనోనైట్ల మంత్రసాని ఒకామె తన రోజులు తానే రాసుకుంది. ఎక్కడా గొప్పలు లేవు. బట్టలు ఆరేసి ఒక పేజీ చదివి మళ్ళీ పనిలో పడొచ్చు.

నాన్న దగ్గర వడ్రంగం నేర్చినవాళ్ళలో దూలాన్ని కంటితో చూసి బరువు చెప్పగలిగినవాడు ఆట్లీ ఒక్కడే అని నాన్న అనేవాడు. ఆట్లీకి ఈ మాట చెప్పు. వద్దు, ఇప్పుడు చెప్పకు.

ప్రార్థనలో,
మీ అక్క సలోమ

*

టామరాక్ లోయ, విస్కాన్సిన్
అక్టోబరు 13

అక్కా,

ముందు వాతావరణం రాయకపోతే నువ్వు చదవవు కదా. తొలి మంచు పడింది. అయిపోయింది.

పుస్తకాలు అందాయి. మా ఆయన తీర్పులు ఆయన మాటల్లోనే రాస్తున్నాను. పిట్టల పుస్తకానికి, "అవి ఎగురుతాయి, నాకెందుకు?" గడియారాలకి, "నాకిప్పుడు టైముతో ఏం పని?" ఓడ కథ పదకొండు పేజీలు చదివి బోర్లించారు. ఆ ముసలావిడ దాకా వెళ్ళనే లేదు. మంత్రసాని పుస్తకం రోజుకో పేజీ అన్నావు. నేను వారంలో మింగేశాను. బట్టలు రెండుసార్లు వానలో తడిశాయి.

ఇక అసలు మాట. ఎన్నిసార్లు మొదలుపెట్టి చించానో.

నిన్న మా సంఘంలో సమాధానపు ఆదివారం. బిషప్ మగవాళ్ళ వైపు వరసగా అడుగుతూ వచ్చారు. దేవునితోనూ తోటివాళ్ళతోనూ పగ లేకుండా సమాధానంగా ఉన్నావా, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు చేరతావా అని. అందరూ అవునన్నారు. ఆ కొట్టం రోజు కింద కర్ర పట్టిన ఎఫ్రాయిమ్ కూడా అవునన్నాడు, సగం గొంతుతో. తర్వాత మా ఆయన వంతు.

"లేను" అన్నారు.

బిషప్ వినపడనట్టు మళ్ళీ అడిగారు.

"లేనండీ. ఎవరితో లేనో అందరికీ తెలుసు."

ఎవరిదో చంటిపిల్ల ఎక్కిళ్ళు పెడుతోంది. ఒక్కరు లేనన్నా బల్ల ఎవరికీ లేదని నీకు నేను చెప్పాలా? వసంతానికి వాయిదా వేశారు. మొత్తం పద్దెనిమిది ఇళ్ళు. ఒక్కరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. పైగా రొట్టెలూ నూడుల్సూ ఇదివరకటి కంటే ఎక్కువ తెచ్చిస్తున్నారు. తిట్టినా బాగుండేది.

జూన్‌లో ఆ కొత్త కొట్టం లేపిన రోజు ఆయన పైన దూలం మీద ఉన్నారు. కింద పొడుగు కర్రతో దూలాన్ని ఎత్తిపట్టినవాడు ఎఫ్రాయిమ్. అతను కర్ర ముందే తీసేశాడు. అందరూ అనుకునేది అదే, అతనూ కాదనడు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి మా పన్నెండు ఆవుల పాలూ పితికి పోతున్నాడు. అతని అడుగు వినగానే ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుంటారు. ఆ చక్రాల కిర్రు విని అతను పాల క్యాన్లు చప్పుడు కాకుండా దించుతాడు. ఇది రోజూ చూడాల్సింది నేను.

వసంతంలో కూడా బల్ల లేకపోతే ఇల్లు అమ్మేసి ఇంకో చోటికి పోతానని ఎఫ్రాయిమ్ భార్యతో అన్నాడట. "నేను కనపడకపోతే అతనికి తేలికవుతుంది" అన్నాడట. తేలిక కాదు అక్కా. ఎఫ్రాయిమ్ పోతే ఆయనకి బతికినన్నాళ్ళూ ఆ గోడే మిగులుతుంది. నాకు తెలుసు, ఆయనకి తెలియదు.

ఇంకేమైనా పంపు. ఏదైనా సరే.

నీ లవీ

*

హోమ్స్ కౌంటీ
నవంబరు 4

చెల్లీ,

చలి మొదలైంది. కట్టెలు దుకాణం గోడ వరకూ పేర్చాం.

నిన్న పార్సెల్ పంపాను. కర్ర గరిటెలు చెక్కడం మీద ఒకటి, అందులో కత్తి పట్టే తీరు బొమ్మలతో ఉంది. వాతావరణం రాసి పెట్టుకోవడం మీద ఒకటి. మంచు ఎంత, గాలి ఎటు, మొదటి కప్ప ఏ రోజు అరిచింది, అన్నిటికీ గీతలు గీసిన పేజీలుంటాయి. రాసినామె నలభై ఏళ్ళు ఒకే కిటికీ దగ్గర కూర్చుని రాసింది. నీకు బురదనేలలో పెరిగే పూల పుస్తకం. చదవడానికి కాదు, బొమ్మలు చూస్తూ టీ తాగడానికి.

ఇవాళ అలమర సర్దుతుంటే ఒక పుస్తకం కనపడలేదు. పొరపాటున మీ కట్టలో పడినట్టుంది. అట్ట మీద తెల్ల టోపీ పెట్టుకున్న అమ్మాయి గోధుమ చేలో నిలబడి ఏడుస్తూ ఉంటుంది. కరెంటూ కార్లూ లేని మన బతుకు మీద బయటివాళ్ళు రాసే కథలు ఉంటాయి కదా, అలాంటిది. టోకు పెట్టెల్లో అవీ వస్తాయి. బల్ల కింద పెట్టి తిప్పి పంపుతూ ఉంటాను. నేను ఎవరికీ చదవమని చెప్పని పుస్తకం. పక్కన పెట్టు.

ఎఫ్రాయిమ్ కోసం కూడా ప్రార్థిస్తున్నాను. ఇద్దరి పేర్లూ ఒకే ఊపిరిలో చెబుతున్నాను, విడదీయకుండా.

మీ అక్క

*

టామరాక్ లోయ
డిసెంబరు 8

అక్కా,

మంచు మోకాలి లోతు. వాతావరణం అయింది. ఇప్పుడు కూర్చో. కూర్చున్నావా?

నీ ఉత్తరం కంటే పార్సెల్ ఒక రోజు ముందొచ్చింది. నీ ముడులు ఎవరూ విప్పలేరు కదా, చేతులకి పనుంటుందని ఆయన ఒళ్ళోనే పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి ముందు గదిలోంచి "ఛీ!" అని వినపడింది. చెయ్యి తెగిందేమోనని పరుగెత్తాను.

"ఏమైంది?"

"ఈ బండి చూడు."

"ఏ బండి?"

"ఈ పిల్ల గుర్రబ్బండిలో కొండ దిగుతోంది. గుర్రానికి వెనక పట్టీ లేదు. సగం దిగేసరికి బండి గుర్రం మీదికెక్కుతుంది. ఇద్దరూ చస్తారు."

"చావలేదా?"

"లేదు! పాట పాడుకుంటూ దిగింది!"

జూన్ తర్వాత ఆయన గొంతు పైకి లేవడం అదే మొదలు. అప్పటికే చేతిలో పెన్సిలుంది. అంచుల్లో రాసేస్తున్నారు. నీ పుస్తకం పాడవుతోందని నేను అనలేదు. అంటే ఆపేస్తారని భయం.

మర్నాడు నీ ఉత్తరం వచ్చింది, పక్కన పెట్టమని. ఎవరి పక్కన పెట్టను? రాత్రి దిండు కిందే ఉంటోంది.

కొన్ని చెబుతాను విను. తొమ్మిదో పేజీలో ఆ పిల్ల పొద్దున పదింటికి పాలు పితకడం మొదలుపెడుతుంది. అంచులో ఈయన, "ఈపాటికి ఆవు అరుపు పక్క ఊరికి వినపడాలి." ఆదివారం గుడి గంట మోగుతుంది. "ఎవరి గుడి? ఎక్కడి గంట? మేం చేరేది మా ఇళ్ళలో." ముసలమ్మ ప్రతి మాటకీ ముందు "ఓ నా బంగారు బిడ్డా" అంటుంది. "మా అమ్మమ్మ ఎనభై ఏళ్ళ బతుకులో నన్ను ఒక్కసారే బిడ్డా అంది, అదీ చీకట్లో మేకపిల్ల అనుకుని." ఇది ఆయనే పైకి చదివి వినిపించారు. నవ్వి నవ్వి నా టోపీ ఊడింది.

ఒకచోట ఆ పిల్ల తెల్ల గౌనులో తన పెళ్ళి కలగంటుంది. అంచులో "నీలం. మా ఆవిడది నీలం. ఇప్పటికీ పెట్టెలో ఉంది" అని రాసి ఉంది. అది నేను ఆయన నిద్రపోయాక చూశాను. ఆయన చూడలేదు నేను చూడటం.

నిన్న గుమ్మడికాయ కేకు రెండు ముక్కలు తిన్నారు. నేను వడ్డించింది ఒక్కటే. రెండోది అడిగారు.

ఎఫ్రాయిమ్ వస్తే కుర్చీ ఇంకా తిరుగుతూనే ఉంది. కాకపోతే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తిరుగుతోంది.

నువ్వు జీవితంలో పొరపాటు చేయగా నేను చూడలేదు అక్కా. చేసిన ఒక్కటీ ఎంత మంచిది చేశావు!

లవీ

*

హోమ్స్ కౌంటీ
జనవరి 6

చెల్లీ,

గాలి ఉత్తరం నుంచి. చెరువు గట్టిపడింది. మంచుగడ్డలు కోస్తున్నారు.

నీ ఉత్తరం చదివి నవ్వాను. దుకాణంలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

నా పొరపాటు గురించి రాశావు. దేవుడు దేన్నైనా వాడుకుంటాడు. అంతకంటే రాయలేను.

నిన్న బయటి ఊరి ఆవిడ ఒకామె వచ్చింది. "మీ జీవితం గురించి ఒక్క అబద్ధం కూడా లేని పుస్తకం ఏదండీ?" అని అడిగింది. ఒకటి తీసిచ్చాను. "ఇది వంటల పుస్తకం కదా" అంది. "అవునమ్మా. ఇందులో వెన్న ఎంతని ఉంటే అంతే" అన్నాను. కొనుక్కుని వెళ్ళింది.

వసంతానికి తేనెటీగల పుస్తకం ఒకటి తీసిపెట్టాను. మొదటి అధ్యాయమంతా ఊరికే కూర్చుని వాటిని వినమనే చెబుతుంది. కానీ ఇప్పుడే పంపను. ఆట్లీ చేతిలో ఉన్నదాన్ని పూర్తి చేయనీ.

మీ అక్క

*

టామరాక్ లోయ
ఫిబ్రవరి 16

అక్కా,

మంచు. ఇంకా మంచు.

ఆయన ఆగిపోయారు.

రెండు వారాల కిందట కొట్టం లేపే అధ్యాయానికి వచ్చారు. అందులో యాభై మంది పాట పాడుతూ, ఎవరూ ఏమీ అరవకుండా, దూలాలు దూదిపింజల్లా ఎత్తేస్తారు. మధ్యాహ్నానికి కొట్టం పూర్తి. సాయంత్రం ఆ పిల్ల, ఆ పిల్లవాడు దాని నీడలో చేతులు పట్టుకుంటారు. ఈయనకి వచ్చిన కోపం నువ్వు చూడాలి. "పాటా? పాట పాడితే ఎవడి మాట ఎవడికి వినపడుతుంది?" అంచులు సరిపోలేదు. నా దగ్గర కాగితాలు తీసుకుని రాసి, మైదా జిగురుతో పేజీలకి అంటించారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ దూలం ముందు, చీల ఏ కర్రతో చెయ్యాలి, అన్నీ. మూడు రోజులు అన్నానికి పిలిచినా వినపడలేదు. నాకు సంతోషమే.

తర్వాత ఒక మధ్యాహ్నం పెన్సిలు కింద పెట్టారు. మళ్ళీ తీయలేదు. ఇవాళ్టికి పదకొండో రోజు. పుస్తకం మూసి ఉంది. తిండి మళ్ళీ తగ్గింది. ఏమైందంటే "ఏం లేదు" అంటారు.

ఆఖరున రాసిన కాగితం చూసి రాస్తున్నాను. నాన్న పనికి పోతే వెంట తిరిగినదానివి నువ్వు, నీకేమైనా అర్థమవుతుందేమో.

"కింద కర్రతో దూలం ఆపి పట్టినవాడికి పైవాడు కనపడడు. అతనికి చెవులే కళ్ళు. పైవాడు బెజ్జంలోకి చీల దిగగొట్టి 'దిగింది' అని అరవాలి. ఆ అరుపు వినేదాకా కిందివాడు కర్ర తీయడు. విన్నాక క్షణం ఆగడు, ఎందుకంటే తర్వాతి దూలం అతని కోసం కాచుకుని ఉంటుంది. పైవాడు చీల దిగకముందే అరిస్తే"

అంతే. అక్కడితో ఆగింది.

మా సమాధానపు ఆదివారం ఏప్రిల్ అయిదున. ఎఫ్రాయిమ్ భార్య వంటసామాను పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది.

లవీ

*

హోమ్స్ కౌంటీ
ఫిబ్రవరి 25

చెల్లీ,

ఇక్కడ కరుగుతోంది. పాకం కాచే రసం కోసం మేపుల్ చెట్లకి బకెట్లు కట్టారు.

నువ్వు రాసి పంపింది చదివి ముందు మోకరించాను, తర్వాత కలం పట్టాను.

నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. రాయను. ఆ వాక్యం అతనిది. అతనే పూర్తి చేయాలి. నువ్వు ఏమీ అడగకు. పుస్తకం తీసి దాచకు. అతని చేతికి అందేంత దూరంలో ఉంచు. పెన్సిలు మొన పోయి ఉంటే చెక్కి పెట్టు.

ఎఫ్రాయిమ్ భార్య దగ్గరికి వెళ్ళు. పెట్టెలు సర్దడానికి సాయం చెయ్యి. నెమ్మదిగా చెయ్యి.

మీ అక్క

*

టామరాక్ లోయ
మార్చి 23

అక్కా,

వాతావరణం నాకు గుర్తులేదు. ఎండో వానో.

ఈ పొద్దున ఎఫ్రాయిమ్ పాలు పితికి వాకిట్లో క్యాను దించబోతున్నాడు. చక్రాల కిర్రు వినపడింది. గోడవైపే అనుకున్నాను. చూస్తే కుర్చీ తలుపు వైపు తిరిగింది.

"ఎఫ్రాయిమ్!"

తొమ్మిది నెలల్లో ఆ పేరు ఆ నోటి నుంచి రాలేదు. అతని చేతిలో క్యాను జారింది. పాలన్నీ వాకిట్లో.

"రేయ్, ఆ పాలు నా ఆవులవి" అన్నారు ఈయన.

"తుడుస్తాను."

"పిల్లులు చూసుకుంటాయి. నువ్వు లోపలికి రా."

అతను టోపీ తీసి చేత పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు, తిట్లకి సిద్ధపడి వచ్చినవాడిలా. ఈయన ఆ పేజీ తెరిచి చూపించారు.

"చదువు. పైకే చదువు."

అతను చదివాడు. నీకు తెలుసు కదా అతనికి చదువు నిదానం. ఒక్కో మాటా దించుకుంటూ వచ్చాడు. వాక్యం ఇప్పుడు పూర్తయి ఉంది. "పైవాడు చీల దిగకముందే అరిస్తే, తప్పు పైవాడిది."

చదివి తలెత్తలేదు.

"నేను అరిచాను కదా?" అన్నారు ఈయన. "చీల ఇంకా బయటే ఉంది. దిగుతుందిలే అని ముందే అరిచాను."

ఎఫ్రాయిమ్ టోపీ అంచు చుట్టూ తిప్పుతున్నాడు. ఒక చుట్టు. రెండో చుట్టు.

"అరిచావు."

"నువ్వు విన్నావు."

"వినే కదరా తీశాను."

"తొమ్మిది నెలలు! బిషప్ అందరి ముందూ అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదేం? నేను రోజూ గోడవైపు తిరిగినప్పుడైనా?"

"అప్పటికే నీ మీద ఒక దూలం పడింది. ఇంకోటి నేను వెయ్యనా?"

నేను తలుపు వెనకే ఉన్నాను అక్కా, దొంగలా.

ఈయన అన్నారు, "మరిచిపోయానో, మరిచిపోవాలనుకున్నానో తెలియదురా. కళ్ళు మూస్తే ఒక అరుపు వినపడేది. అది నీ గొంతే అనుకుందామని చూశాను. నీ గొంతులా వినపడలేదు. ఎన్నిసార్లు విన్నా నాదే."

ఎఫ్రాయిమ్ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. కాసేపయ్యాక నేను ముక్కు తుడుచుకుని కాఫీ తీసుకెళ్ళాను. పాలు వాకిట్లో ఉన్నాయి కాబట్టి నల్ల కాఫీ.

"ఇలా ఉందేంటి కాఫీ?" అన్నారు ఈయన.

"ఇతన్ని అడగండి" అన్నాను.

రేపు ఈయన మాట మీద బిషప్‌ని పిలుస్తున్నాం. ఎఫ్రాయిమ్ భార్య అప్పుడే గిన్నెలు బయటికి తీస్తోంది.

లవీ

*

హోమ్స్ కౌంటీ
ఏప్రిల్ 13

ప్రియమైన చెల్లీ,

ఆపిల్ చెట్లు మొగ్గ తొడిగాయి. రాత్రి మంచు పడకపోతే నిలుస్తాయి.

నీ మార్చి ఉత్తరం బైబిల్లో పెట్టుకున్నాను. అయిదో తారీఖున ఆట్లీ అవునన్నాడని మీ బిషప్ భార్య మా వదినకి రాసింది. దేవునికి స్తోత్రం.

మా సంఘంలో సమాధానపు ఆదివారం ఇరవై ఆరున. నన్నూ అడుగుతారు. నేను అవును అనాలంటే ముందు నీకు ఒకటి చెప్పుకోవాలి.

ఆ పుస్తకం పొరపాటున పడలేదు. నేనే పెట్టాను.

దాన్ని నేను రెండుసార్లు చదివాను. గుర్రం పట్టీ దగ్గర నాకూ కోపం వచ్చింది. పాలు పితకడం దగ్గర ఇంకా వచ్చింది. అప్పుడు ఆట్లీ గుర్తొచ్చాడు. అతనికి కోపం తీర్చుకోవడానికి ఏదో ఒకటి కావాలి, అది మనిషి కాకుండా ఉంటే బాగుండు అనిపించింది. మంచి పుస్తకాలు నాలుగు పంపి చూశాను. మంచివాటితో ఎవరు దెబ్బలాడగలరు?

కొట్టం అధ్యాయం ఉందని తెలుసు. ఆ పేజీలు కుట్టేద్దామా అని సూది కూడా తీశాను. మళ్ళీ పెట్టేశాను. అక్కడ అంత ఉందని నాకు తెలియదు. నాన్న చెప్పిన అరుపు సంగతి మాత్రం గుర్తుంది.

చెప్పి పంపితే అతను తెరవడు. అందుకని నీకు అబద్ధం రాశాను. ఒకసారి కాదు. డిసెంబరులో నువ్వు దగ్గర దగ్గర అడిగినట్టే రాశావు. అప్పుడూ దేవుని పేరు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. అది ఎక్కువ బాధిస్తోంది. ఫలితం మంచిదైంది కాబట్టి అబద్ధం నిజమైపోదు. నీకు జడలు వేస్తూ అబద్ధం ఆడకూడదని చెప్పినదాన్ని నేనే.

నన్ను క్షమించు. ఇరవై ఆరు లోపల నీ మాట అందితే అవునంటాను. అందకపోతే లేనంటాను, మా వాళ్ళు ఆగుతారు.

ఇంకొకటి. ఆ పుస్తకం నాకు తిరిగి పంపుతావా? అమ్మడానికి కాదు. మన గురించి ఏం చదవాలని అడిగేవాళ్ళకి ఇకనుంచి వంటల పుస్తకం పక్కన దీన్ని కూడా చూపిస్తాను.

మీ అక్క
సలోమ

*

టామరాక్ లోయ
ఏప్రిల్ 20

అక్కా,

ఎండ. కొంగలు దిగాయి.

క్షమించాను. పెద్దక్షరాలతో రాయమంటే రాస్తాను. నీ ఉత్తరం చదివి ఎంతసేపు నవ్వానో, ఎంతసేపు ఏడ్చానో పిల్లల్ని అడుగు. యాభై ఏడేళ్ళకి ఒక అబద్ధం ఆడి, దానికోసం ఊరి బల్ల ఆపుతానంటావా! ఇరవై ఆరున గట్టిగా అవునను, నాకు ఇక్కడికి వినపడాలి.

నిన్న మా బల్ల. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా. రొట్టె, ద్రాక్షరసం అయ్యాక ఒకరి కాళ్ళు ఒకరు కడిగే వేళకి మగవాళ్ళు జతలు జతలుగా లేచారు. ఎఫ్రాయిమ్ ఎవర్నీ చూడకుండా నేరుగా ఈయన దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్ళ గదిలోంచి తలుపు సందున నాకు కనపడుతోంది.

ఈయన మేజోళ్ళు తీశాడు. ఆ కాళ్ళు ఎంత సన్నబడ్డాయో రోజూ చూసేదాన్ని నేను. అతను అప్పుడే చూశాడు. ఒక్కసారి ఆగాడు. తర్వాత బకెట్లో ముంచి, అలవాటు కొద్దీ "నీళ్ళు వేడిగా ఉన్నాయా?" అన్నాడు.

"నన్నడుగుతావేంరా? నాకేం తెలుస్తుంది, నువ్వే చెప్పు."

ఎఫ్రాయిమ్ మోచెయ్యి పెట్టి చూశాడు. "సరిపోయాయి."

"నువ్వు సరిపోయాయంటే సరిపోయినట్టే" అన్నారు ఈయన.

తర్వాత ఈయన వంతు. వంగలేరు కదా. ఇద్దరు బెంచీ తెచ్చి, దానిమీద బకెట్ పెట్టారు. ఎఫ్రాయిమ్ కాలు ఎత్తి అందులో పెట్టి, ఒంటికాలి మీద కొక్కెరలా నిలబడి, పడకుండా ఈయన భుజం పట్టుకున్నాడు. ఈయన ఒక్కో వేలూ కడిగారు, తొందర లేకుండా. తర్వాత ఆచారం ప్రకారం ఇద్దరూ సమాధానపు ముద్దు పెట్టుకున్నారు. మా వైపు ముక్కులు చీదే చప్పుడుకి పాట అందుకోవడం ఆలస్యమైంది.

పుస్తకం పంపుతాను. ఆలస్యానికి నన్ననకు, పద్దెనిమిది ఇళ్ళూ తిరిగి రావాలి. బిషప్ ఇంట్లోనే రెండు వారాలుంది. "పెన్సిలు రాతలు చదవొచ్చు, అచ్చు అక్షరాలు అక్కర్లేదు" అని తీర్పు చెప్పారు. అవి లేకుండా ఇవెలా అర్థమవుతాయని ఆయన భార్య అడిగిందట.

తేనెటీగల పుస్తకం పంపు. ఈయన కుర్చీ ఇప్పుడు కిటికీ దగ్గరుంది.

కింద ఈయన ఏదో రాస్తారట. నన్ను చూడొద్దంటున్నారు.

నీ లవీ

సలోమ వదినకి,

లవీ మీ ఉత్తరం చదివి వినిపించింది. మీరు క్షమాపణ అడిగింది తనని. నన్నడగలేదు. అడక్కపోయినా ఇస్తున్నాను.

అయితే మీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. ఈ మధ్య నాకు అదే అలవాటైంది. ఒప్పుకోవాల్సిందంతా మీరు రాయలేదు. పుస్తకం తెరవగానే మొదటి పేజీలో మామగారి వడ్రంగి పెన్సిలుంది. ఆ బల్లపరుపుది, వెనక ఆయన పళ్ళ గాట్లున్నది. కొత్తగా చెక్కి ఉంది. పొరపాటున పడిన పుస్తకంలో ఎవరూ పెన్సిలు చెక్కి పెట్టరు వదినా.

అంటే నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. చెబితే తిరిగి అడుగుతారని చెప్పలేదు. నా వంతు క్షమాపణ నేనూ అడుగుతున్నాను.

పుస్తకం మీది, పంపుతాం. పెన్సిలు బొటనవేలంత మిగిలింది. అది పంపను.

ఆట్లీ